దవాఖానా తాళమూ, మా ప్రార్థనా

నా చిన్నప్పుడు మా ప్రార్థనా మందిరంలో, అదే మా చర్చిలో, అందరూ జంకే మాట ఒకటుండేది: రాజకీయం. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. బూర్గంపాడు దాటి అడవి వైపు వెళ్తే వచ్చే చిన్న పల్లె మాది.

ఆ వానాకాలం వాగవతలి కోయగూడెంలో జ్వరాలు మొదలయ్యాయి. మా ఊరి దవాఖానాకు నెలరోజులుగా తాళం. ఉన్న నర్సమ్మ బదిలీ అయింది, కొత్తామె రాలేదు. మా అమ్మమ్మ రోజూ వాగు దాటి వెళ్లి, జ్వరం వచ్చినవాళ్లకు తడిబట్ట వేసి, గంజి తాగించి వచ్చేది. గూడెంవాళ్లు మా ప్రభువును ఎరుగరు, తమ వేల్పులనే కొలిచేవారు. అమ్మమ్మ ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఆమె లేచి నిలబడింది. "అయ్యగారూ, రేపు అందరం పోయి మండలాఫీసు ముంగట కూసుందాం. నర్సమ్మను పంపేదాక లేవొద్దు."

పాస్టరుగారు మంచివారే. గూడెం కోసం మూడురోజులు ఉపవాసమున్నారు. కానీ ఆ మాటకు బెదిరిపోయారు. "ధర్నాలు రాజకీయపోళ్ల పనమ్మా. మనం మోకాళ్లమీద ఉందాం."

"ఓట్లప్పుడు నాయకునికి గీడనే దండేసి ప్రార్థన చేస్తిరి. గది రాజకీయం గాదా?"

ఆ సోమవారం మండలాఫీసుకు ఎవరూ పోలేదు.

గురువారం గూడెం నుంచి ఒక తల్లి, జ్వరంతో ఉన్న నా ఈడు కూతుర్ని భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చింది. ఆటో దొరికేసరికి మధ్యాహ్నమైంది. భద్రాచలం దవాఖానాకు బయలుదేరాం. పిల్ల తల తల్లి ఒళ్లో, కాళ్లు నా ఒళ్లో. గోదావరి వంతెన ఎక్కకముందే ఆ పాదాలు నా చేతుల్లో చల్లబడ్డాయి. నేను అమ్మమ్మ వైపు తిరిగాను. అమ్మమ్మ నా ముఖం చూసి తెలుసుకుంది. తల్లి మాత్రం కూతురి నుదురు తుడుస్తూనే ఉంది.

తర్వాతి ఆదివారం పాస్టరుగారు అమ్మమ్మనే ప్రార్థన చేయమన్నారు.

"ప్రభువా, రోగమొచ్చినోళ్ల దగ్గరికి నువ్వు నడిచిపోయినవు. మేం గీడనే కూసున్నం. పిల్ల సచ్చిపోయింది." ఆమేన్ అనకుండానే ఆమె కూర్చుంది.

సోమవారం పొద్దున అమ్మమ్మా, ఆ తల్లీ, నేనూ బస్సు కోసం నిలబడి ఉంటే పాస్టరుగారు వచ్చారు. ఆయన వెనక మందిరంవాళ్లు ఏడెనిమిది మంది.

"ఆడ నేనేం మాట్లాడాలమ్మా?" అని చిన్నపిల్లాడిలా అడిగారు.

"ఏం జరిగిందో గదే చెప్పుండ్రి."

మండలాఫీసు ముందు రెండురోజులు కూర్చున్నాం. మూడోరోజు కొత్త నర్సమ్మ వచ్చింది, తాళం తీశారు. ఆ తల్లి మాత్రం దవాఖానా వైపు తలెత్తి చూడలేదు. చూడమని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

ఇప్పటికీ ఎవరికోసమైనా ప్రార్థించాక, ఆమేన్ అనబోయే ముందు ఆగిపోతాను. వీళ్ల కోసం నేను ఎవరి గుమ్మం ఎక్కి అడగాలి అని ఆలోచిస్తాను. కొన్నిసార్లు వెళ్తాను. వెళ్లలేని రోజున ఆమేన్ అనకుండానే మోకాళ్ల మీంచి లేస్తాను.