కుడికాలి కోపం

మా మామయ్య నిద్రలో పోయాడు. పొద్దున్నే అత్తయ్య ఫోన్ చేసి ఆ మాట చెప్పినప్పుడు నేను నందిగామలో కాలేజీకి బయలుదేరుతున్నాను. "నిద్రలోనేనా అత్తయ్యా?" అని మళ్ళీ మళ్ళీ అడిగాను. జగ్గయ్యపేట బస్సులో కూర్చున్నాక కూడా నాకు నమ్మకం కుదరలేదు. చిల్లకల్లు దగ్గర హైవే మీద నుంచో, ఏదో కొట్లాట నుంచో ఆయన చావు కబురు వస్తుందని అనుకుంటూ మేమంతా బతికాం. "అలికిడన్నా లేదే. మంచం పక్కన గ్లాసులో నీళ్ళు కూడా తొణకలేదు" అంది అత్తయ్య, శవం పక్కన కూర్చుని, కాస్త కోపంగానే.

ఇది చదివేవాళ్ళలో ఆయన చేతి దెబ్బ తిన్నవాళ్ళు కొందరైనా ఉంటారు. వాళ్ళు కూడా చివరిదాకా చదవాలని నా కోరిక.

నాన్న పోయాక అమ్మకు బదిలీల ఉద్యోగం వచ్చింది. నన్ను తన తమ్ముడి దగ్గర ఉంచి జగ్గయ్యపేట కాన్వెంటులో చేర్పించింది. ఆ ఇంట్లో మామయ్య, అత్తయ్య, అమ్మమ్మ. మామయ్యకు లారీలుండేవి. క్వారీల నుంచి సిమెంటు ఫ్యాక్టరీలకు సున్నపురాయి తోలేవి. క్వారీలో బ్లాస్టింగ్ జరిగితే మా వంటింట్లో గిన్నెలు మోగేవి. మామయ్య ఇంట్లో ఉంటే బ్లాస్టింగ్ లేకుండానే మోగేవి. అత్తయ్య గాజు సామాను, పింగాణీ సామాను కొనడం మానేసింది. అన్నీ స్టీలే. సొట్ట పడని కంచాలు రెండు విడిగా దాచి చుట్టాలకు పెట్టేది.

ఇంట్లో మనుషుల మీద ఆయన చెయ్యి ఎత్తలేదు. బయట ఎత్తేవాడు. నేను ఏడో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం జీపులో వస్తున్నాం. చిల్లకల్లు దాటాక ఒక ప్రైవేటు బస్సు మమ్మల్ని రాసుకుంటూ పోయింది. జీపు రోడ్డు దిగి కంపలో పడింది. మామయ్య జీపును రోడ్డెక్కించి, బస్సును తరిమి పట్టుకుని, దానికి అడ్డంగా ఆపాడు. సీటు కింది నుంచి జాకీ రాడ్ తీసి ముందు హెడ్‌లైట్లు రెండూ పగలగొట్టాడు. తరవాత డ్రైవరును చొక్కా పట్టుకుని కిందికి లాగాడు.

"పిల్ల ఉంది బండిలో. కనపళ్ళేదా? పిల్ల ఉంది."

మాటకొక దెబ్బ. డ్రైవరు ముక్కులోంచి రక్తం వచ్చి చొక్కా మీద పడింది. బస్సులో జనం కిటికీల్లోంచి చూస్తున్నారు కానీ ఎవరూ దిగలేదు. నేను ఒళ్ళోని పుస్తకంలో ఒకే వాక్యాన్ని పదే పదే చదువుతున్నాను. ఆ దెబ్బలు నా పేరు మీద పడుతున్నాయన్నది నేను మోయలేకపోయాను. ఆయన తిరిగి వచ్చి కూర్చున్నప్పుడు వేళ్ళ కణుపులు చీరుకుపోయి ఉన్నాయి. "భయపడ్డావా?" అని అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను. "సోడా తాగుతావా?" అన్నాడు.

ఆ రాత్రి అన్నం పెడుతూ అమ్మమ్మ నాతో అంది: "వాళ్ళ నాన్న లారీ ఫ్యాన్‌బెల్టుతో కొట్టేవాడే వీణ్ణి. ఒంట్లోకి పోయిందంతా ఎప్పుడో అప్పుడు బయటికి రావాలిగా."

దానికి ఒక చోటు చూపించింది విజయవాడలో ఉండే డాక్టరు గారు. మామయ్యతో కలిసి చదువుకున్నాయన. మద్రాసు శివార్లలో రేసుల ట్రాక్ ఉందనీ, కొన్ని శని ఆదివారాల్లో మామూలు వాళ్ళు కూడా డబ్బు కట్టి సొంత కార్లు తోలుకోవచ్చనీ చెప్పాడు. "హైవే మీద ఎవణ్ణో చంపి జైలుకు పోయేకన్నా అక్కడ తోలరా" అన్నాడు. మామయ్య హైదరాబాదులో ఎవరో అమ్ముతున్న పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఎర్రది. రెండే సీట్లు, నేలకు జానెడు ఎత్తు. వీధిలో అందరూ వచ్చి చూశారు. "ఇంటిల్లిపాదీ ఎక్కలేని కారు ఎందుకండీ?" అని ఎదురింటి కిరాణా కొట్టాయన అడిగాడు. "ఇంటిల్లిపాదినీ దూరంగా పెట్టడానికే కొన్నానండీ" అన్నాడు మామయ్య. అమ్మమ్మ ఒకసారి ఎక్కి కూర్చుని, పీట మీద కూర్చున్నట్టుంది అని దిగిపోయింది. మర్నాడు ముందు బంపరుకు నిమ్మకాయలు, మిరపకాయలు దండ గుచ్చి కట్టింది.

నేను తొమ్మిదో తరగతి చదువుతున్న ఏడాది వేసవి సెలవుల్లో మద్రాసు వెళ్ళాం. కొడుకును ఒంటరిగా పంపనని అమ్మమ్మ కూడా బయలుదేరింది. ఆమె, నేను డాక్టరు గారి కారులో. మామయ్య ముందు ఎర్రకారులో.

శనివారం నేర్పే రోజు. నేర్పేవాడు నెరిసిన మీసాల తమిళాయన, తక్కువ మాట్లాడే మనిషి. సాయంత్రం పక్క సీట్లో ఒకరిని ఎక్కించుకోవచ్చన్నారు. మామయ్య నాకు హెల్మెట్ ఇచ్చి, "పుస్తకం అక్కడ పెట్టిరా" అన్నాడు.

ఆ ఒక్క చుట్టు నా ఒంట్లో ఇంకా ఉంది. ఇంజను చప్పుడు పొట్టలోంచి పుట్టినట్టుంది. రోడ్డు మా మీదికి విసిరేసినట్టు వచ్చింది. మలుపు దగ్గరపడుతోంది, ఆయన ఆపడం లేదు. ఇంకా ఆపడం లేదు. ఇక ఐపోయాం అనుకున్నాక బ్రేకు తొక్కాడు. నా ఒళ్ళు ముందుకు పోయి బెల్టుకు గుద్దుకుని ఆగింది. పళ్ళు నాలుక మీద పడి నోట్లో రక్తం వచ్చింది. మెడ నరం పట్టేసింది. పక్కకు చూస్తే ఆయన చేతులు మాత్రం స్టీరింగును పసిపిల్ల తలను పట్టుకున్నట్టు పట్టుకుని ఉన్నాయి.

దిగాక అన్నాడు: "చేతులు మెత్తగా ఉండాలే. కోపమంతా కుడికాల్లోకి దించెయ్యాలి. అక్కడ దానికి పనుంది."

నెరిసిన మీసాలాయన వచ్చి డాక్టరు గారితో ఇంగ్లీషులో మాట్లాడాడు. కొత్తవాళ్ళు భయంతో ముందే బ్రేకు వేస్తారట. ఈయన ఎక్కడ వేయాలో సరిగ్గా అక్కడే వేస్తున్నాడట. ఆదివారం కూడా ఇలాగే తోలితే తన జట్టులో చేర్చుకుని పోటీలకు తీసుకువెళ్తానన్నాడు. డాక్టరు గారు తెలుగులో చెప్పబోతే మామయ్య, "అర్థమైందిలేరా" అన్నాడు. అప్పటికి ఆయన వయసు నలభై దాటింది. ఎవరైనా ఆయన్ని ఒక పనికి కావాలని అడగడం నేను చూసింది అదే మొదలు. ఆ రాత్రి హోటల్లో సాంబారు చల్లారిపోయి వచ్చింది. అమ్మమ్మ, నేను కంచం వంక చూస్తూ బిగుసుకుని కూర్చున్నాం. ఆయన కలుపుకుని తిన్నాడు. ఇంకాస్త వేయించుకున్నాడు కూడా.

ఆదివారం పొద్దున కార్లన్నీ తనిఖీ చేశారు. వదులుగా ఉన్నదేదీ కారులో, కారు మీద ఉండకూడదన్నది వాళ్ళ నియమం. అద్దం ముందు అతికించిన ఆంజనేయస్వామి బొమ్మ ఊడదీశారు. బంపరు మీది దండ కోసేశారు. అమ్మమ్మ ఆ దండ చేతిలోకి తీసుకుంది.

"ఒట్టి బండిలో ఎట్టా పంపిస్తారయ్యా?"

"వాళ్ళ రూలమ్మా. ఊరుకో" అన్నాడు మామయ్య. అటు తిరిగి హెల్మెట్ పట్టీ బిగించుకుంటున్నాడు. అమ్మమ్మ కారులోకి వంగి కొంగుతో సీటు తుడవడం నేను చూశాను. దుమ్ము దులుపుతోందనే అనుకున్నాను.

రెండో చుట్టులో జరిగింది. అదే మలుపు. ఎర్రకారు వచ్చింది, ఇంజను అరుపు తగ్గలేదు. బ్రేకు దీపాలు వెలిగాయి కానీ కారు వేగం చావలేదు. తిన్నగా కంకరలోకి దూసుకుపోయి, ఎగిరి, పక్కకు పడి, ఇంకొక పొర్లు పొర్లి టైర్ల గోడను గుద్దింది. ఇనుము నలిగిన చప్పుడు. టైర్లు గాల్లోకి లేచాయి. దుమ్ములో చాలాసేపు ఏమీ కనపడలేదు. అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ గోళ్ళ గుర్తులు వారం దాకా పోలేదు.

ఆయన తనంతట తానే బయటికి వచ్చాడు. ఎడమ భుజం కిందికి జారిపోయి ఉంది. కనుబొమ చీలి ముఖమంతా రక్తం. స్ట్రెచర్ వద్దని తోసేశాడు. కారును తాడు కట్టి లాక్కొస్తే దాని పక్కనే నడిచి వచ్చాడు. నేను పరిగెత్తాను. డాక్టరు గారు అమ్మమ్మను పట్టుకుని వెనక మెల్లగా నడిపిస్తున్నాడు.

మామయ్య ఒంగి, విరిగిన తలుపులోంచి చెయ్యి పెట్టి, బ్రేకు పెడలు వెనక నుంచి ఒకటి తీశాడు. నిమ్మకాయ. నలిగి గింజలు బయటికి వచ్చాయి. దండలోంచి లాగిన దారం ముక్క ఇంకా దానికే ఉంది. సీటు కింది నుంచి దొర్లి వచ్చి పెడలుకు అడ్డం పడింది. ఆయన ఎంత తొక్కినా సగం దాకానే దిగి ఉంటుంది.

ఆయన దాన్ని చూశాడు. నన్ను చూశాడు. తరవాత నా భుజం మీదుగా, నడిచి వస్తున్న వాళ్ళమ్మను చూశాడు. ఆ ముఖం నాకు తెలుసు. హెడ్‌లైట్లు పగలగొట్టిన ముఖం. ఆయన పిడికిలిలోంచి నిమ్మరసం, రక్తం కలిసి కారుతున్నాయి. నేను ఏం చేస్తున్నానో తెలియకుండానే జరిగి, వాళ్ళిద్దరికీ మధ్య నిలబడ్డాను. ఆయన దవడ ఎముక కదలడం కనపడింది. పిడికిలి జేబులోకి పోయింది. బయటికి వచ్చినప్పుడు ఖాళీగా ఉంది.

అమ్మమ్మ కన్నా ముందే నెరిసిన మీసాలాయన వచ్చాడు. పెడలును చేత్తో నొక్కి చూశాడు. అది మామూలుగానే దిగింది. బ్రేకుకేమైంది అని అడిగాడు.

"బ్రేకు బాగానే ఉంది. నేనే లేటుగా వేశా" అన్నాడు మామయ్య.

ఆయన మామయ్యను కాసేపు చూసి, అలాగైతే ఇక రావద్దని చెప్పి వెళ్ళిపోయాడు.

అప్పుడు అమ్మమ్మ చేరింది. కొడుకు రక్తం కొంగుతో తుడుస్తూ, "సీటు కింద నిమ్మకాయ పెట్టా నాయనా. స్వామిని తీసేశారుగా. అదే నిన్ను కాపాడింది" అంది.

మామయ్య నోట్లోని రక్తం పక్కకు ఉమ్మాడు. "అవునమ్మా" అన్నాడు.

ఆ రోజుతో ఆయన మారిపోయాడని రాస్తే అబద్ధమవుతుంది. కంచాలు సొట్టలు పడుతూనే వచ్చాయి. భుజం అతుక్కున్నాక క్వారీలో ఒక గుమాస్తా పళ్ళు ఊడగొట్టి స్టేషను దాకా వెళ్ళాడు కూడా. ఒక్క అమ్మమ్మ మీద మాత్రం గొంతు లేవలేదు. అమ్మమ్మ ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకూ నిమ్మకాయ మహిమ చెప్పేది. అత్తయ్య విసుక్కునేది. ఆయన వినేవాడు.

నందిగామలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర డాక్టరు గారు పంక్తిలో అందరికీ వినపడేలా, "మావాడికి యాక్సిలరేటర్ ఒక్కటే తెలుసండీ. బ్రేకనేది ఒకటుంటుందని మద్రాసులో తెలిసింది" అన్నాడు. అందరూ నవ్వారు. ఒకాయన, "అందుకేనా లారీలకు డ్రైవర్లను పెట్టుకుంది?" అన్నాడు. ఇంకా నవ్వారు. పక్క పంక్తిలోంచి అమ్మమ్మ, "నా నిమ్మకాయ లేకపోతే వీడు దక్కేవాడా" అని మొదలుపెట్టింది. మామయ్య చేతిలోని స్టీలు గ్లాసు నొక్కుకుపోయి నీళ్ళు విస్తరిలో పడ్డాయి. అసలు సంగతి చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. నేను నోరు తెరిచాను. ఎదురు పంక్తిలోంచి ఆయన నా వంక చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇంకాస్త పప్పు వేయండి" అన్నాడు వడ్డించేవాడితో.

నాకు తెలిసిన ధైర్యవంతులందరూ పుస్తకాల్లోవాళ్ళే. వాళ్ళలో ఎవరూ అంత కష్టమైన పని చేయలేదు.

అమ్మమ్మ కొన్నేళ్ళ తరవాత పోయింది. చివరి వారంలో కూడా నర్సుకు ఆ కథే చెప్పింది. కర్మలు పూర్తయిన మర్నాడు తెల్లవారుతుండగా మామయ్య నన్ను లేపాడు. లారీ షెడ్డులో టార్పాలిన్ కింద పడి ఉన్న ఎర్రకారు బయట నిలబడి ఉంది. ఎప్పుడు బాగు చేయించాడో నాకు తెలియదు. మూతపడిన ఒక క్వారీకి వెళ్ళే తారురోడ్డు మీదికి తీసుకెళ్ళాడు. చివర మలుపు. మలుపు అవతల క్వారీ గుంట, దాన్నిండా పచ్చటి నీళ్ళు. మలుపుకు ముందు రోడ్డు పక్కన ఒక సున్నపురాయి పెట్టి వచ్చాడు.

"దిగు. ఇక్కడ నిలబడి చూడు" అన్నాడు.

నేను దిగలేదు. బెల్టు పెట్టుకున్నాను. ఆయన నా వంక చూసి, గేరు వేశాడు.

రాయి మా మీదికి వచ్చింది. గుంట మా మీదికి వచ్చింది. రాయి పక్కకు రాగానే ఆయన కుడికాలు దిగింది. బెల్టు నా ఛాతీని కోసింది. టైర్లు జంతువు గొంతు కోసినట్టు అరిచాయి. నల్లటి పొగ లోపలికి వచ్చింది. ఆ పొగలోనే కారు మలుపు తిరిగి, అంచుకు ఇవతల, నిక్కచ్చిగా నిలబడింది. కంకర రాళ్ళు కొన్ని దొర్లి నీళ్ళలో పడిన చప్పుడు వినపడింది.

ఆయన ఇంజను ఆపాడు.

"ఇదీ. ఆరోజు ఇట్టా పడాల్సింది బ్రేకు" అన్నాడు.

"మామయ్యా, డాక్టరు గారికి చెబుదామా? ఇప్పుడు అమ్మమ్మ లేదుగా."

"ఎందుకే? నువ్వు చూశావుగా."

ఆయన కళ్ళు తుడుచుకోలేదు. పొగ పోయేదాకా అలాగే కూర్చున్నాడు. మేం దిగి వెనక్కి నడిచాం. రాయి పక్క నుంచి మలుపు దాకా రెండు నల్లటి చారలు, ఎక్కడా వంకర లేకుండా, ఇంకా వేడిగా ఉన్నాయి. అప్పుడే ఒక మేకల మంద ఆ దారిన వచ్చింది. ముందున్న మేక చారల దగ్గర ఆగింది. వాసన చూసి తల వెనక్కి లాక్కుంది. వెనకవన్నీ ఆగిపోయాయి. కాపరి ఎంత అదిలించినా, ఆ రబ్బరు చల్లారేదాకా, ఒక్కటి కూడా దాని మీద కాలు పెట్టలేదు.