ధర పడిన రోజు

ఎనభైల మొదట్లో నేను జహీరాబాదులో ఒక బ్యాంకులో గుమాస్తాను. రైతులు కందుల బస్తాలు తెచ్చి గోదాములో పెడితే, మేం తాళం వేసుకుని అప్పిచ్చేవాళ్లం. సరుకు విలువంతా ఇవ్వం. రేపు ధర పడితే తట్టుకోవడానికి కొంత కోసుకునే ఇస్తాం. దాన్ని మార్జిన్ అనేవాళ్లు. మార్కెట్ ఎటు తిరిగినా బ్యాంకు సొంత పెట్టుబడికి గీత పడకూడదు, పడితే రైతు వీపు మీద పడాలి. తర్వాత ఇదే సంగతి పుస్తకాల్లో పెద్ద పెద్ద మాటలతో చదివాను. కొత్తగా ఏమీ అనిపించలేదు.

ఝరాసంగం వైపు నుంచి భర్త పోయిన ఒకావిడ తన కందులన్నీ తెచ్చి పెట్టింది. ఆ అప్పుతో బావి తవ్వించడం మొదలుపెడితే సగంలో బండ తగిలింది. ధర పెరిగాక కందులు అమ్మి, అప్పు తీర్చి, మిగిలిన దాంతో బండ కొట్టించాలని ఆమె ఆశ. పురుగు పట్టకుండా కందులకు ఎర్రమన్ను పట్టించి తెచ్చింది. అప్పటి మేనేజరు ఈ ప్రాంతంవాడే కాబట్టి చూసి మెచ్చుకున్నాడు.

ఆయన బదిలీ అయిపోయాడు. ఎండాకాలంలో ధర పడింది. కొత్తగా వచ్చిన మేనేజరు దూరపు జిల్లావాడు, రూలంటే ప్రాణం పెడతాడు. సరుకు విలువ మళ్లీ కట్టమని ఒక పప్పుమిల్లు సేఠును పిలిపించాడు. సేఠు బస్తాలో చెయ్యి పెట్టి, ఎర్రబడ్డ వేళ్లు చూపించి, "మన్ను కలిసింది సాబ్" అన్నాడు. మిగతా రైతులకు తగ్గింది ధర ఒక్కటే. ఈమెకు మన్ను కోత కూడా పడింది. వాళ్లకు గడువిచ్చి, ఈమె ఇంటికి మాత్రం మనిషిని పంపారు. విలువ తగ్గిన మేరకు తేడా కట్టాలి, లేదా సరుకు వేలం.

ఆమె పరుగెత్తుకొచ్చింది. "పురుగు తినొద్దని పట్టిచ్చిన సారూ. జర దసరా దాంక ఆగున్రి, ధర ఎక్కుతది. మీ కాల్మొక్కుత."

"ఎక్కుతుందని రాసిస్తావా?" అన్నాడు మేనేజరు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎర్రమన్ను సంగతి చెప్పబోతే, "నీ పని నువ్వు చూసుకో" అన్నాడు.

వేలంలో ఆ బస్తాలు కొన్నది ఆ సేఠే. పురుగు సోకని గింజ కదా, విత్తనాలకని మంచి ధరకు అమ్ముకున్నాడు. రాబందు కూడా ప్రాణం పోయేదాకా ఆగుతుంది.

దసరాకు నిజంగానే ధర ఎక్కింది. ఆమె మళ్లీ వచ్చి మేనేజరు బల్ల ముందు నిలబడింది.

"ధర పడ్డనాడు మా ఇంటికి మనిషిని తోలిన్రు. ఎక్కిననాడు ఎందుకు తోలలే?"

మేనేజరు పగలబడి నవ్వాడు. ఆమె ఆ నవ్వు ఆగేదాకా నిలబడి, మెల్లగా అడిగింది.

"పోనీ, బాయి సగంల ఆగింది సారూ. గదే కుదువ పెట్టుకొని, బండ కొట్టనీకె పైసలియ్యున్రి."

"దానిదేముందమ్మా, నీళ్లు పడ్డాక రా" అన్నాడు మేనేజరు.