టాక్సు బాబాయ్ కొలిచిన పాదాలు

టాక్సు బాబాయ్ చెప్పుల కొట్లోకి అడుగుపెడితే రెండు పనులు తప్పవు. రెండు పాదాలూ కొలిపించుకోవాలి, అమ్మకం పన్ను మీద ఉపన్యాసం వినాలి. కొనడం మాత్రం ఎవరిష్టం వారిది.

ఉపన్యాసం ఎప్పుడూ ఒకటే. తను ప్రతి జతకీ పన్ను వసూలు చెయ్యాలి, ఆన్‌లైన్ వాళ్ళకి ఆ బెడద లేదు, అందుకే అక్కడ చవక. వినేవాళ్ళు బుద్ధిగా తలూపి, ఆయన చెప్పిన సైజు గుర్తుపెట్టుకుని, వీధి మలుపు తిరక్కుండానే ఫోన్లో ఆర్డరు పెట్టేసేవారు. ఆ సంగతి బాబాయ్‌కీ తెలుసు. అయినా మర్నాడు ఇంకొకర్ని కూర్చోబెట్టి కొలబద్ద తీసేవాడు.

గల్లాపెట్టె దగ్గరుండే పిన్నికి ఒళ్ళు మండిపోయేది. కొననివాళ్ళ కాళ్ళు పట్టుకోవడమే ఎక్కువ, మళ్ళీ రెండు కాళ్ళూనా అని సణిగేది. దానికి తోడు, సరుకు సర్దినప్పుడల్లా ఒకటి చిన్నదీ ఒకటి పెద్దదీ ఉన్న జతలు బయటపడేవి. మాటల ధ్యాసలో మొగుడు ఎవరికో తప్పు జోడు అంటగట్టాడని ఆమె నమ్మకం. అడిగితే ఆయన వెంటనే పన్నుల్లోకి దూకేవాడు.

ఆఖరికి ఆన్‌లైన్ సరుకు మీద కూడా అదే పన్ను పడింది. బాబాయ్ పొంగిపోయి కొట్టుకి రంగు వేయించాడు, కొత్త సరుకు దింపాడు. జనం రాకపోలేదు. వచ్చారు, కొలిపించుకున్నారు, ధర ఒకటే అయినప్పుడు ఇంటికి తెచ్చిచ్చేవాళ్ళే నయమనుకుని వెళ్ళిపోయారు. పన్ను వచ్చేసరికి అలవాటు ముదిరిపోయింది. అదేదో నాలుగేళ్ళ ముందు వచ్చుంటే ఎంత బావుండేది! ఆ వారమంతా బాబాయ్ నోట ఉపన్యాసం రాలేదు. పిన్నికి నష్టం కన్నా అదే ఎక్కువ బాధనిపించింది. నెలాఖరుకి కొట్టు ఎత్తేద్దామనుకున్నారు.

పెట్టెలు కడుతుంటే వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ గాభరాగా వచ్చింది.

"ఇక నా గతేంటి పిన్నిగారూ? నా ఎడమ పాదం పెద్దది. ఆన్‌లైన్లో రెండు జతలు కొనాలి. బాబాయ్‌గారైతే రెండు జతలు విడగొట్టి, ఒక జత డబ్బే తీసుకుంటారు."

పిన్ని మొగుడి వైపు తిరిగింది. "మరి మిగిలిన జోడు?"

"కుడి పాదం పెద్దదైనవాళ్ళు ఎవరో ఒకరు ఉండకపోతారా అని అందర్నీ కొలుస్తున్నా. పాపం, వాళ్ళూ ఎక్కడో చెప్పు కరుస్తున్నా అలాగే తిరుగుతుంటారు కదా. ఊరికే కొలుస్తానంటే కూర్చోరు, ఏదో ఒకటి మాట్లాడాలి" అన్నాడు బాబాయ్, దొరికిపోయిన మొహంతో.

ఇన్నాళ్ళూ చెప్పనందుకు పిన్నికి కోపం వచ్చింది, తను సణిగినందుకు సిగ్గూ వేసింది. ఆ రెండు సైజుల్లో, ఆడా మగా ఎవరైనా తొడుక్కునే జతలన్నీ తనే విడగొట్టి కుట్టుపని ఆవిడ సంచి నింపింది. ఇటువైపు ఎడమది చిన్నదీ కుడిది పెద్దదీ అయిన బేసి జోళ్ళు కుప్ప పడ్డాయి.

అప్పుడే ఆన్‌లైన్ పార్శిలు తెచ్చిన మనిషి పక్కింటి అడ్రసు అడగడానికి గుమ్మంలోకొచ్చాడు. ఎడమ బూటు బాగానే తొడుక్కున్నాడు. కుడి బూటు మడమ అణగదొక్కి ఈడ్చుకుంటున్నాడు. బాబాయ్ అడ్రసు చెప్పలేదు, కొలబద్ద తీశాడు.

కాసేపటికి అతను కుప్పలోంచి ఒక జోడు తొడుక్కుని ఖాళీ కొట్లో అటూ ఇటూ హాయిగా నడిచి చూసుకున్నాడు.

"భలే ఉన్నాయండీ. ఇవి ఆన్‌లైన్లో ఎక్కడ దొరుకుతాయి?"

బాబాయ్ కొలబద్ద తీసి పెట్టెలో పడేశాడు.

"దొరకవు నాయనా," అంది పిన్ని, కుప్పంతా అతని వైపు తోస్తూ. "అన్నీ పట్టుకుపో."