ఏడుపు కోసం చూడొద్దన్నారు

ఐదో నెల స్కాన్ రోజు నాకింకా బాగా గుర్తు. తణుకులో స్కాన్ చేస్తున్న డాక్టరుగారు అంతవరకూ కబుర్లు చెప్పి, ఉన్నట్టుండి తెరని దగ్గరికి లాక్కుని చూశారు.

"ఏంటండీ?" అన్నాను.

"గుండె కుడివైపుకి జరిగిందమ్మా. పక్కన స్టమక్ కనిపిస్తోంది. రాజమండ్రిలో పిల్లల సర్జన్‌కి చూపించండి."

మా ఆయన హార్డ్‌వేర్ కొట్టు మూసేసి పరిగెత్తుకొచ్చారు.

రాజమండ్రిలో సర్జన్‌గారు బొమ్మ గీసి చెప్పారు. "పొట్టకీ ఛాతీకీ మధ్య డయాఫ్రమ్ అనే కండరం ఉంటుంది. బేబీకి అది ఎడమవైపు మూసుకోలేదు. పేగులు పైకెళ్లి లంగ్స్‌ని పెరగనివ్వట్లేదు. కంజెనిటల్ డయాఫ్రమాటిక్ హెర్నియా అంటాం."

"బిడ్డ బతుకుతుందాండీ?" అని అడిగారు మా ఆయన.

"లంగ్స్ ఎంత పెరిగాయన్నదాన్ని బట్టి ఉంటుందండి. ఇప్పుడే మాటివ్వలేను."

వీధిలో ఒకావిడ, గ్రహణం నాడు నేను బయటికి వచ్చానేమోనని ఆరా తీసింది. మా అత్తగారు ఊరుకోలేదు. "మా కోడలి తప్పేం లేదని డాక్టరుగారే చెప్పారు. ఇంకోసారి ఆ మాట అనకండి" అన్నారు.

కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరి పీల్చుకోనక్కర్లేదు. అందుకే నెలలు నిండేకొద్దీ నాకు భయం పెరిగేది. కదిలినప్పుడల్లా, అక్కడే ఉండు నాన్నా అనుకునేదాన్ని.

కాన్పు రాజమండ్రిలోనే. "ఏడుపు కోసం చూడొద్దమ్మా. ఏడిస్తే పేగుల్లోకి గాలి వెళ్లి, అవి ఉబ్బి లంగ్స్‌ని ఇంకా నొక్కేస్తాయి. పుట్టగానే ఊపిరి కోసం గొంతులోకి ట్యూబ్ వేసేస్తాం" అని ముందే చెప్పారు. అయినా నా చెవులు దానికోసమే వెతికాయి. ఆడపిల్ల అని చెప్పి, చూపించకుండానే తీసుకెళ్లిపోయారు.

పాప కాస్త కుదుటపడేదాకా ఆగి, పేగుల్ని కిందికి దించి డయాఫ్రమ్‌లో కన్నం మూసే ఆపరేషన్ చేశారు. గండం గడిచిందనుకున్నాం. మర్నాడే రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ పడిపోయింది. "పల్మనరీ హైపర్‌టెన్షన్, అంటే లంగ్స్ రక్తనాళాల్లో బీపీ పెరిగిపోయింది. వెంటిలేటర్ ఇప్పుడే తీయలేం" అన్నారు. పసిపిల్లల ఐసీయూ, అదే ఎన్ఐసీయూలో నర్సు, "నిమరకండమ్మా, అలిసిపోతుంది. చెయ్యి ఊరికే ఆనించండి" అంది. మానిటర్ మోగిన ప్రతిసారీ నా ప్రాణం పోయేది.

మెల్లగా కోలుకున్నాక ట్యూబ్ తీశారు. బొంగురుగా, పిల్లికూనలా ఏడ్చింది. నేనూ మా ఆయనా విన్న మొదటి ఏడుపు అదే. ఆ తర్వాత పాలన్నీ కక్కేసేది. తాగినవి పైకి తన్నుకొస్తున్నాయి, రిఫ్లక్స్ అన్నారు. ముక్కులో పాల గొట్టంతోనే ఇంటికి తెచ్చుకున్నాం.

ఇప్పుడు పాపకి మూడేళ్లు. బరువు తక్కువే. కొట్లో మేకుల డబ్బాలు బోర్లించి వాళ్ల నాన్న చేత చీవాట్లు తింటుంది. వాంతి చేసుకున్నా, ఆయాసపడినా మాత్రం మళ్లీ కన్నం పడిందేమోనని ఎక్స్-రేకి పరిగెడతాం. ఆ భయం పోలేదు.

మీ స్కాన్‌లో ఈ హెర్నియా మాట వస్తే కాన్పు ఎక్కడో ముందే తేల్చుకోండి. పిల్లల సర్జనూ, ఎన్ఐసీయూ ఒకేచోట ఉన్న ఆసుపత్రి చూసుకోండి. "పుట్టగానే ట్యూబ్ వేసే డాక్టరు కాన్పు గదిలోనే ఉంటారా?" అని అడగండి. ఉంటారన్నాకే చేరండి.