ఉగాండా బడిలో నా కామాలు

నిర్మల్ జిల్లాలో గెజిటెడ్ హెడ్మాస్టరుగా పదవీ విరమణ చేసిన మరుసటి ఏడాది అక్టోబరులో, దసరా సెలవులప్పుడు, నాకు ఇంకో పోస్టింగు వచ్చింది. ఉగాండాలో ఒక చర్చి బడి, ఏడో తరగతి, గణితం, పది రోజులు. పోస్టింగు వేసింది కరీంనగర్‌లోని మా పాస్టరుగారు. "మీరు లెక్కల సారు గదా. జర గా పిల్లలకు నాలుగు ముక్కలు చెప్పి రాండ్రి, దేవుని పనాయె," అన్నారు.

ఆయనతో కలిపి ఎనిమిది మందిమి వెళ్లాం. అందులో ఎప్పుడైనా పాఠం చెప్పినవాణ్ని నేనొక్కణ్నే. ఆదిలాబాద్ పత్తి వ్యాపారి ఇంగ్లిషు చెప్పాలి. బొగ్గు గనిలో ఫోర్‌మన్‌గా చేసి దిగిపోయినాయన సైన్సు చెప్పాలి. అందరికీ ఒకే రంగు టీషర్టులు, వీపు మీద 'సేవకులం' అని అక్షరాలు. బడిలో అడుగుపెట్టగానే ఫొటోలు మొదలయ్యాయి. ఒక పిల్లను ఎత్తుకోవడం, నవ్వడం, దించేయడం, ఇంకో పిల్లను ఎత్తుకోవడం. నీ పేరేమిటమ్మా అని అడిగినవారు లేరు. వాళ్లను చూసి నాకు ఒళ్లు మండింది. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్లో పడ్డ సామెత మాత్రం అప్పుడు గుర్తుకు రాలేదు.

సర్వీసులో నాకొక నియమం ఉండేది. వేరే బడి నుంచి డిప్యుటేషన్ మీద, అంటే కొన్నాళ్ల సర్దుబాటు కోసం, ఎవరొచ్చినా మొదటి రోజు వెనక బెంచీలో కూర్చుని క్లాసు చూడాలి. ఉగాండాలో నేను మొదటి పీరియడ్‌కే సుద్దముక్క అందుకున్నాను. ఆ క్లాసు టీచరు గ్రేస్ గారు వెనక్కి వెళ్లి కూర్చున్నారు. మూడు వారాల్లో ప్రభుత్వ పరీక్ష ఉందని, అది తప్పితే పిల్లలకు హైస్కూలు లేదని ఆమె ముందే చెప్పారు. నేనున్నాను కదా అన్నాను. ఆమె రోజూ కూర్చుంటుంటే, నా బోధన చూసి నేర్చుకుంటున్నారని కూడా అనుకున్నాను.

స్థాన విలువలు మూడు రోజులు చెప్పి, ఎనిమిదో రోజు స్లిప్ టెస్టు పెట్టాను. 4527316కు కామాలు పెట్టమన్నాను. సగం మంది నేను నేర్పినట్టే 45,27,316 అని రాశారు. మిగతావాళ్లు 4,527,316 అని రాశారు. వాటన్నిటికీ ఎర్రసిరాతో ఇంటూ మార్కు పెట్టి, 'సరైన' సంఖ్య పదిసార్లు రాయమని ఇంపొజిషన్ ఇచ్చాను. రూత్ అనే అమ్మాయి లేచి, మూడు అంకెలకొక కామా అని మా టీచర్ చెప్పారంది. టీచర్లు కూడా పొరబడతారమ్మా అన్నాను, ఆ టీచరు వింటుండగానే. గ్రేస్ గారు తల వంచుకున్నారు.

మర్నాడు సాయంత్రం ఆమె పాఠ్యపుస్తకం పట్టుకొని నా దగ్గరికి వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీరు వెళ్లిపోయాక పిల్లలకు మా పద్ధతి మళ్లీ చెప్పుకోవచ్చా సార్? పేపర్లు దిద్దేది ఇక్కడివాళ్లే."

పుస్తకం తిరగేశాను. వాళ్ల లెక్కలో లక్ష అనే మాటే లేదు. వేల తర్వాత మిలియన్లు. మన బడి పుస్తకాల్లో దీని పేరు అంతర్జాతీయ సంఖ్యామానం. ముప్పై ఏళ్లు ఆ పాఠం చెప్పినవాణ్ని, తీరా దేశం దాటాక మరిచిపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను. చర్చి పంపిన అతిథిని తప్పు పట్టకూడదని ఆమె అన్ని రోజులు ఓర్చుకున్నారు. తన క్లాసులో తన పాఠం చెప్పుకోవడానికి నన్ను అనుమతి అడిగారు.

పదో రోజు ఏనుగులను చూసే కార్యక్రమం. నాకు ఒక పీరియడ్ కావాలని పాస్టరుగారిని అడిగాను. "కామాలదేముంది సార్, గీడ కాకుంటె గాడ. బండొచ్చింది, ఎక్కుండ్రి," అన్నారు. నేను ఎక్కలేదు. సేవకులు ఏడుగురూ ఏనుగుల దగ్గరికి పోయారు.

క్లాసులో నిలబడి, మీ టీచర్ చెప్పిందే ఒప్పు, తప్పు నాది, పరీక్షలో ఆమె చెప్పినట్టే రాయండి అన్నాను. రూత్ లేచింది.

"మరి మీరు పదిసార్లు రాయరా సార్?"

గ్రేస్ గారు ఆ పిల్లను గద్దించబోయారు. నేను వద్దన్నాను. బోర్డు వైపు తిరిగి 4,527,316 అని పదిసార్లు రాశాను. ఒక్కోసారి రాసినప్పుడల్లా పిల్లలు బిగ్గరగా లెక్కపెట్టారు. తర్వాత సుద్దముక్క గ్రేస్ గారి చేతికిచ్చి, వెనక బెంచీలో కూర్చున్నాను. మిగిలిన అరగంటలో ఆమె నా మూడు రోజుల పాఠాన్ని సరిచేశారు. నాకంటే బాగా చెప్పారు.

ఆ పిల్లల పరీక్షా ఫలితాలు నాకు తెలియవు. అడిగే ముఖం లేదు. పది రోజుల టీచరు ఏ బడికీ అక్కరలేదు. అయినా పోక తప్పకపోతే, ముందు ఆ బడి పుస్తకం చదవాలి, ఆ బడి టీచరు పాఠం వినాలి. ఈలోపు పది రోజులూ అయిపోతే, వచ్చిన దారినే ఇంటికి పోవాలి.