మశూచి మిగిల్చిన అమ్మ

మొన్న కోదాడ దవాఖానలో సూది వేయడానికి వచ్చిన నర్సమ్మ, నా భుజం మీది మచ్చ చూసి ఇదేమిటని అడిగింది. మశూచి టీకా అన్నాను. ఆ పేరే వినలేదట. నా ఈడు వాళ్లకు మాత్రం ఆ మాట చెవిన పడితే ఎవరో ఒకరి ముఖం గుర్తుకు రాక మానదు. నాకు మా అమ్మ గుర్తుకొచ్చింది.

నలభైల చివర్లో మేము మిర్యాలగూడ దగ్గరి ఒక పల్లెలో ఉండేవాళ్లం. నాన్న అక్కడి క్రైస్తవుల బడిలో పంతులు. టీకాలు వేసేవాళ్లు వచ్చిననాడు నాకు వేయించారు గాని, మూడేళ్ల తమ్ముడికి ఒళ్లు వెచ్చగా ఉందని అమ్మే వాణ్ణి లోపల దాచింది. ఆ ఎండాకాలమే ఊళ్లో మశూచి పడి, ముందు తమ్ముణ్ణి, తర్వాత వాడికి సేవ చేస్తున్న అమ్మను పట్టుకుంది. తమ్ముడు పోయాడు. అమ్మ ఒంటి మీద తెలివి లేకుండా ఉండగానే వాణ్ణి మట్టి చేశారు. ఆమె లేచాక, ఇది దేవుని చిత్తమని ఓదార్చబోయిన సంఘపెద్దను, "ఆ మాట ఇప్పుడు నాతోని అనకుండ్రి" అని ఆపేసింది. మోకరించేది గాని, నోట ప్రార్థన వచ్చేది కాదు.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం, అంతకుముందెన్నడూ మమ్మల్ని గడప తొక్కనివ్వని ఒక పెద్దరైతు మా వాకిట్లో నిలబడ్డాడు.

"పంతులమ్మా, నా పెండ్లానికీ పిల్లకూ అమ్మవారు పోసింది. సుట్టాలెవ్వరూ వస్తలేరు. జర వచ్చి నీళ్లన్నా తాపరాదూ?"

నేను అమ్మ కొంగు పట్టుకుని పోవద్దని ఏడ్చాను.

"ఇడువు బిడ్డా. ఒకపారి వచ్చిపోయింది గద, ఆ రోగం ఇగ నన్ను ముట్టది. నేను గూడ పోకుంటే ఎవలు పోతరు?"

పదిహేను రోజులు వాళ్ల పుండ్లు కడిగి, గంజి తాపి, రోజూ వాగులో స్నానం చేసిగాని ఇంటికి వచ్చేది కాదు. ఆ పిల్ల బతికింది. తల్లి కూడా, ఒక కన్ను పోగొట్టుకుని, బతికింది. కోలుకున్నాక ఒక ఆదివారం ఆమె మా అమ్మకూ నాకూ తోడుగా తమ్ముడి సమాధి దగ్గరికి వచ్చి, చాలాసేపు అమ్మ పక్కనే కూర్చుంది. ఇంటికి వస్తూ అమ్మ నాతో అన్నది:

"వాడెందుకు పోయిండో నాకు ఇంకా తెల్వది బిడ్డా. నన్నెందుకు ఉంచిండో మాత్రం దేవుడు తెలిపిండు."

ఆ రాత్రి ఆమె గొంతెత్తి ప్రార్థన చేసింది. తర్వాత సూర్యాపేటకు మారాక కూడా, మశూచి ఉన్న ఇల్లు ఎక్కడుందని తెలిసినా, పిలవకపోయినా వెళ్లేది.

ఇప్పుడా రోగం లేదు, దేవునికి స్తోత్రం. సాగరు కాలువ వచ్చాక ఆ సమాధుల దిబ్బ పొలాల్లో కలిసిపోయింది. ఆ ఇద్దరు తల్లులూ కూర్చున్న చోట వరి పండుతోంది. అక్కడొక పసివాడు ఉన్నాడని తెలిసినదాన్ని ఇక నేనొక్కదాన్నే.