శ్రావణి కిటికీ, నా మీసం

ఏం సూస్తున్నరు? నా మూతి దిక్కేనా? మంచిగ సూడున్రి! నవ్వేది ఉంటే చాయ్ రాకముందే నవ్వున్రి, తర్వాత నవ్వితే ముక్కులకెల్లి వస్తది. ఇరవై ఐదేండ్లు పెంచిన మీసం! మొన్న ఆదివారం అశోక్ చౌక్‌ల, నలుగురి ముందట, నేనే కూసోని గీకిపిచ్చుకున్న. ఎవ్వడు బలవంతం చెయ్యలే. నిజం చెప్పాలంటే దాన్ని తీసింది మంగలి గూడ కాదు, ఈ నా రెండు చేతులే. ఎట్లనో వినున్రి.

మా అన్న బిడ్డ శ్రావణి మీకు ఎరికే గదా. నీలం నగర్ల మా అన్న ఇల్లు, మా ఇల్లు ఒక్క గోడకే ఉంటయి. పన్నెండో తరగతి పాసైనంక ఆ పిల్ల, "కాకా, నేను ఇంటీరియర్ డిజైన్ చదువుత" అన్నది. పూణె అవతల క్రైస్తవుల యూనివర్సిటీ ఒకటి ఉన్నది, అండ్ల సీటు గూడ వచ్చింది. ఇగ సూడు, గల్లీ అంత ఒకటే లొల్లి! అందరికన్న ముందట మా రాజేశం. బట్ట నేసే సాంచెలు రిపేరు చేస్తడు, నోరు మాత్రం ఎన్నడు రిపేరు చేసుకోడు.

"ఇంటీరియర్ అంటే ఏందిరా? సోఫా ఇటుంటే అటు జరుపుడేనా? దానికి నాలుగేండ్లా?" అన్నడు.

"నీ బుర్రల ఉన్నది జరపాలంటే నాలుగేండ్లు గూడ సరిపోవు" అన్న.

"సూడు, మెడల శిలువ ఏసుకొని వస్తది."

"ఏసుకుంటే ఏసుకుంటది! దాని మెడ, దాని ఇష్టం. నీ మెడల ఇన్ని రుద్రాక్షలున్నయి, ఏడో తరగతి పాసైనవా?"

చౌక్‌ల ఉన్నోళ్లందరు నవ్విన్రు. నేను తొమ్మిది దాంక పోయినోన్ని, జర గర్వం ఎక్కింది. ఆ ఊపుల అనేసిన: "ఇగో, అందరు వినున్రి! మా పిల్ల ఫస్ట్ క్లాస్‌ల పాస్ కాకుంటే, ఇదే చౌక్‌ల నా మీసం తీపిచ్చుకుంట!"

నాలుగేండ్లు గట్లనే గడిచినయి. శ్రావణి అక్కడ పొద్దుగాల ప్రార్థనల నిలబడుతది, సెలవులకు ఇంటికొస్తే మాతోని మార్కండేయుని గుడికి వస్తది. ఎవలకు ఏం నష్టం? మూడేండ్లు ఫస్ట్ క్లాసే. ఇగ ఆఖరి ప్రాజెక్ట్ ఒక్కటే మిగిలింది. ముగ్గురు పెద్దమనుషులు వచ్చి, సూసి, మార్కులేస్తరు. దాన్ని జ్యూరీ అంటరట. మా అన్నకు సాంచె వదిలి వచ్చుడు కుదరలే. నేను, నా పెండ్లాం శోభ పోయినం.

అబ్బబ్బ, ఏం యూనివర్సిటీ! చెట్లు, నున్నటి రాళ్ల బాట, నడుమ చర్చి. లోపల పెద్ద హాలు. ఒక్కొక్క పిల్ల ఒక్కొక్క గది కట్టి పెట్టింది. ఒకరిది హోటల్ అట, ఒకరిది ఏదో స్పా అట. మా శ్రావణిది ఏందనుకున్నరు? మన ఇల్లు! ఒక్కటే గది, ఇటు దిక్కు సాంచె, అటు దిక్కు బీడీలు చేసుకునే జాగ. నడుమ గోడ లేదు. గోడకు బదులు పైనుంచి కిందికి తెల్లటి పోగులు, అచ్చం సాంచె మీద నిలువు పోగుల పడుగు సాపినట్టు. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. పూణెకు పోయి నాలుగేండ్లు చదివి మన పడుగునే తెచ్చి నిలబెట్టింది పిల్ల!

"కాకా, మీరు గిక్కడ కూసోన్రి. నేను ప్రింట్లు తీసుకొని అరగంటల వస్త" అని శ్రావణి ఉరికింది. శోభ చేతులు కడుక్కొస్తనని పోయింది.

నేను ఒక్కన్నే మిగిలిన. గప్పుడు సూసిన. నడుమల పోగులు తెగి ఉన్నయి! ఒకటి కాదు, రెండు కాదు, అరవై దాంక. పైవి కిందికి ఏలాడుతున్నయి, కిందివి తల వంచుకొని ఉన్నయి. అయ్యో దేవుడా, టెంపోల తెచ్చేటప్పుడు తెగినట్టున్నయి, పిల్ల సూసుకోలేదు, ఇంకో అరగంటల పెద్దమనుషులు వస్తరు!

మీరే చెప్పున్రి, ముప్పై ఐదేండ్లు సాంచె నడిపినోడు తెగిన పోగును సూసి ఊకుంటడా? ఒక్క పోగు తెగినా సాంచె ఆపి ముడేస్తం. గిక్కడ అరవై! పక్కనే కోను మీద అదే దారం ఉన్నది. ఇగ మొదలువెట్టిన. పైకొసకు ఒక ముడి, నడుమ దారం అతుకు, కింది కొసకు ఒక ముడి. ఏండ్ల సంది చేతులకు అలవాటున్న పనాయె, కండ్లు మూసుకున్నా అయితది. ఇరవై నిమిషాలల్ల మొత్తం పడుగు చక్కగ, తంబూర లెక్క బిగిసి నిలబడ్డది. వెనక్కి జరిగి సూసుకున్న. శభాష్ అనిపిచ్చింది.

శ్రావణి వచ్చింది. చేతుల ప్రింట్లు కింద పడ్డయి.

"కాకా... నా కిటికీ ఏది?"

"ఏం కిటికీ బిడ్డా?"

"గిక్కడ నడుమల! పోగులు ఏటవాలుగ కత్తిరిచ్చి పెట్టిన గదా! బీడీలు చేసుకునే అమ్మకు గాలి రావాలె, సాంచె మీద ఉన్న బాపు కనవడాలె అని! అదే నా డిజైన్ కాకా! అదే మొత్తం ప్రాజెక్ట్!"

ఓరి నాయనో! నేను కిటికీ మూసిన!

పిల్ల ఏడ్వలే. ఏడ్చినా బాగుండు. వంగి ప్రింట్లు ఏరుకున్నది. ఉరికి ముడులు ఇప్పబోయిన. వస్తయా? అది నేతోని ముడి! ఎంత గుంజితే అంత బిగుస్తది. నా ముడి ఒక్కటన్న ఊడిందని ఇన్నేండ్లల్ల ఏ సేఠు అనలే. ఆ పేరే ఆ రోజు నా మెడకు సుట్టుకున్నది.

గప్పుడు శోభ వచ్చింది. ఒక్క సూపుల సంగతి అర్థమైంది. "జరుగు!" అన్నది. పర్సులకెల్లి ఆకు కత్తెర తీసింది. బీడీ ఆకు కోసే ఆ కత్తెర లేంది మా శోభ గడప దాటదు. "బిడ్డా, కిటికీ ఎక్కడ ఉండె, చెప్పు" అని కచకచ కచకచ కత్తిరిచ్చింది. ఏం చెయ్యి అది! కాని చిన్నప్పటి సంది రేకు ముక్క కొలతకు పెట్టి ఆకులు కోసిన చెయ్యి గదా, ఏటవాలు ఏడికెల్లి వస్తది? గీత గీసినట్టు, చక్కగ, నాలుగు మూలల కిటికీ కోసింది. అన్ని పోగులు ఒక్కటే పొడుగు, బీడీ కట్టలెక్క!

"చిన్నమ్మా, ఏటవాలుగ..." అనేలోపట్నే జ్యూరీ వచ్చింది. నడుమల తెల్లబట్టల సిస్టర్, ఒక అయ్యవారు, నల్లద్దాల మేడం.

అక్కడ ఏ పని మొదలువెట్టినా ప్రార్థన చేస్తరు. అందరు నిలబడి తలలు వంచి కండ్లు మూసుకున్నరు. శోభ గూడ మూసుకున్నది. నేను గూడ మూసుకున్న, దేవుడా మా పిల్లను గట్టెక్కించు అని గట్టిగ మొక్కిన. మొక్కి కండ్లు తెరిచిన. సరిగ్గ నా ముక్కు ముందట ఒక పోగు తెగి ఏలాడుతున్నది.

నేనేం చెయ్యలే! చెయ్యే పోయింది! "ఆమెన్" అనేవరకు ముడి పడ్డది.

తల తిప్పి సూస్తే సిస్టర్ ఒక కన్ను తెరిచి నన్నే సూస్తున్నది.

"ఆప్ కౌన్?" మీరెవలు అని హిందీల అడిగింది.

"ఇస్కా కాకా హూఁ!" అన్న, ఛాతి ముందటికి పెట్టి. ఇజ్జత్ ఎట్లయినా పోయింది, ఛాతి ఎందుకు వంచాలె?

శ్రావణి అబద్ధం ఆడలే. ఉన్నదున్నట్టు చెప్పింది. "సిస్టర్, నా కిటికీ ఏటవాలుగ ఉండె. మా కాక తెగిన పోగును సూడలేడు, అందుకే ముడేసిండు. మా చిన్నమ్మ వంకర కొసను సూడలేదు, అందుకే సమంగ కోసింది. ఈ ఇల్లు ఇసొంటోళ్లకే కట్టిన. ఇండ్ల ఉండేటోళ్లు దాన్ని మార్చకుంట ఉంటరనుకున్న సూడున్రి, అదే నా తప్పు."

సిస్టర్ పకపక నవ్వింది. నా ముడి పట్టి గుంజి సూసింది, రాలే. మళ్లొకసారి గుంజింది. ఇగ నాతోని అడిగి నేర్చుకున్నది గూడ! నల్లద్దాల మేడం మాత్రం నవ్వలే. కాగితం మీద ఏందో రాసుకున్నది.

పది దినాలకు మార్కులొచ్చినయి. పిల్ల పాస్! ఫస్ట్ క్లాస్‌కు ఒక్క మార్కు తక్కువ. ఎందుకు తగ్గిందంటే, మేడం రాసింది: "దారాల పని మరీ నీటుగ ఉన్నది, డిజైన్ కనవడుతలేదు." మరీ నీటుగ! నా బతుకుల ఇసొంటి తిట్టు ఇప్పటిదాంక పడలే.

శ్రావణి ఫోన్‌ల అన్నది, "కాకా, ఎవలకు చెప్పకు. మార్కులు ఎవడు అడుగుతడు?"

"రాజేశం అడగకున్నా నా మీసం అడుగుతది బిడ్డా" అన్న. ఆదివారం చౌక్‌కు పోయి మంగలి కుర్సీల కూసున్న. రాజేశమే చెయ్యి పట్టుకున్నడు, "వద్దురా, పిల్ల పాసైంది గదా" అని. "నడువ్! పిల్ల ఓడలే, ఓడింది నేను. గియ్యనీ!" అన్న.

ఇగ నవ్వుడు అయిందా? ఇప్పుడు నేను చెప్త, రాజేశం, నువ్వు గూడ విను. మీసం నెల రోజుల్ల వస్తది. పిల్ల డిగ్రీ ఎవడు గియ్యలేడు. వచ్చే నెల మా ఇంట్లనే అది ఆ పోగుల గోడ కడుతున్నది, ఏటవాలు కిటికీతోని! మళ్ల పందెం కడుతున్న: దసరా దాంక ఆ కిటికీల ఒక్క పోగుకు గూడ ముడి వెయ్య. వేస్తే ఈసారి గుండు!

మా శోభకు నమ్మకం లేదు. దసరా దాంక నా రెండు చేతులు కట్టేస్తదట. కట్టనీ! కాని తంటా ఏందంటే, నన్ను ఆపేటంత గట్టి ముడి ఈ గల్లీల వేసేటోన్ని నేనొక్కన్నే. నా చేతులు నేనెట్ల కట్టుకోవాలె?